రెండో స్వరపేటిక

నేను ఒక పెట్టెను. పెట్టె అనగానే పట్టుచీరలు దాచుకునేదనో, ప్రయాణానికి బట్టలు సర్దుకునేదనో అనుకోకండి. నా కడుపులో కంప్యూటర్ ఉంటుంది. నా వెడల్పు పదమూడు అంగుళాలు, ఎత్తు పద్నాలుగు, లోతు ఎనిమిది. ఇంత వివరంగా కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకంతా ఆ అంగుళాల మీదే నిలబడి ఉంది. ఒక అంగుళం తగ్గితే నాకు ఊపిరాడదు. ఒక అంగుళం పెరిగితే నన్ను పెట్టదలచిన చోట పట్టను. నేను పుట్టి నిండా ఏడాది కాలేదు. ఇంతలోనే మనుషులు నన్ను ఎన్నిసార్లు నివ్వెరపరిచారో తలచుకుంటే ఇప్పటికీ నా మరలు వదులవుతున్నట్టు ఉంటుంది.

మొదటి దెబ్బ నేను పుట్టకముందే తగిలింది. సామర్లకోటలో లింగాచారి అనే పనివాడి కొట్టులో అప్పటికి నేను గోడకు ఆనించిన వట్టి రేకును. ఆచారి దేవుడి మందసాలు, ఊరేగింపు వాహనాలు, గుడి తలుపుల తొడుగులు చేస్తాడు. ఒక ఉదయం ఆయన కొట్టుకు హైమ అనే అమ్మాయి వచ్చింది. కాకినాడలో పాటలు రికార్డు చేసేచోట పని చేస్తుంది.

“ఆచారి గారూ, మా పెద్దమ్మ స్వరపేటిక తీసేస్తున్నారు. వచ్చే సోమవారమే ఆపరేషను. ఆలోగా నాకో పెట్టె చేసిపెట్టాలి” అంది.

ఆచారి సుత్తి కింద పెట్టాడు. “స్వరపేటిక అంటే ఏటండీ? హార్మనీ పెట్టా?”

“కాదండీ. గొంతులో మాట పుట్టే చోటు. అక్కడ గడ్డ లేచింది. తీసేస్తే ప్రాణం దక్కుతుంది. మాటే ఉండదు.”

“ఎవరూ, మన శేషారత్నం గారికాండీ? హరికథ చెప్పే అమ్మకి?”

హైమ తల ఊపింది. నేను గోడకు ఆనుకుని వణికాను. రేకు గాలికి కదిలిందనుకున్నారు. ఒక పేటికను కోసి తీసేస్తారు, దాని చోట ఇంకో పేటికను చేయిస్తారు, ఆ ఇంకోటి నేను! నాలాంటి రేకు ముక్కకు ఎంత బరువైన మాట అది.

విషయమేమిటంటే, శేషారత్నం గారికి ఆమె గురువు నోటితో నేర్పిన శబరి కథ ఒకటి ఉంది. నాలుగు భాగాలు. ఏ పుస్తకంలోనూ లేదు. ముప్పై ఏళ్ళుగా ఊరూరా చెబుతూనే ఉన్నారు, కానీ సరిగ్గా రికార్డు చేయాలని ఒక్కరికీ తోచలేదు. ఉన్నంతకాలం ఉందిలే అనుకున్నారు. పోతుందని డాక్టరు చెప్పాక అందరూ పరుగులు మొదలుపెట్టారు. మనుషుల పద్ధతి ఇదేనా అని అడగాలనిపిస్తుంది. కానీ అడిగే నోరు నాకు లేదు.

శేషారత్నం గారి ఇల్లు రైలు పట్టాల పక్కన. రైలు కూత వినపడని చోటు ఆ ఇంట్లో ఒక్కటే, కిటికీలు లేని దేవుడి గది. హైమ దగ్గరున్న ల్యాప్‌టాప్ వేడెక్కితే కందిరీగలా రొద పెడుతుంది. కంప్యూటర్‌ను బయటి గదిలో పెడదామంటే వైరు అడ్డొచ్చి తలుపు మూసుకోదు. కనుక దేవుడి గదిలోనే, పటాల పక్కన ఇత్తడి సామాను పెట్టుకునే గోడ గూట్లోనే దాన్ని ఇమడ్చాలి. చప్పుడు చేయకూడదు. వేడెక్కి ఆగిపోకూడదు. ఈ మూడూ ఒకదానికొకటి పడవని ఆచారికి వినగానే అర్థమైంది.

“చిన్న ఫ్యాను పెడితే పెట్టె చిన్నదవుద్దండి. కానీ అది పెద్ద ఫ్యాను పని చెయ్యాలంటే పరిగెత్తాలి. పరిగెత్తేవోడు రొప్పుతాడు కదండీ. ఆ రొప్పుడు మీ మైకులో పడిపోద్ది.”

“అయితే పెద్దదే పెట్టండి. నిదానంగా తిరగాలి. పెట్టె మాత్రం పెరక్కూడదు. ఇంకో అంగుళం తగ్గిస్తే మరీ మంచిది.”

“బాగుందండీ. పెళ్ళికి వెయ్యి మందిని పిలిచి, వంటిల్లు అగ్గిపెట్టంత కట్టమన్నట్టుంది! తగ్గిస్తానండి, నాదేం పోయింది? గాలిని ఎక్కడ పెట్టమంటారు మరి? దానిక్కూడా చోటు కావాలి. ఇంట్లో అందరికీ గది కడతారు, గాలికి మాత్రం ఎవరూ కట్టరు.”

హైమ నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ నేల మీద కూర్చుని సుద్దముక్కతో నన్ను గీశారు, చెరిపారు, మళ్ళీ గీశారు. గూట్లో నాకు వెనకా పక్కలా గోడే. కాబట్టి గాలి నా ముఖంలోంచే రావాలి, ముఖంలోంచే పోవాలి. చల్లటిది కింద నుంచి లోపలికి, వేడిది పై నుంచి బయటికి. ముందు ఆచారి ఒక రేకు ముక్కకు జల్లెడలా వందల చిల్లులు పొడిచి చూశాడు. వాటి వెనక ఫ్యాను తిప్పితే సన్నగా ఈల వేసింది. హైమ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసేసి తల అడ్డంగా ఊపింది.

“పెద్ద పెద్ద చిల్లులైతే ఈల రాదండి” అని ఆచారి లేచి తన అచ్చుల పెట్టె వెతికాడు. అంత పెద్దవి ఆయన దగ్గర మూడే ఉన్నాయి. గుడి మందసాలకు వాడేవి. నా ముఖం మీద ఆ మూడింటినీ పెట్టి కొట్టాడు. కింద ఒక పక్క శంఖం, ఇంకో పక్క చక్రం, వాటి మధ్య నుంచి పైకి నిలువెత్తు నామం. బల్లులూ దోమలూ దూరకుండా వాటి వెనక సన్నటి ఇత్తడి జాలీ అతికాడు. ఆ దెబ్బలకు నాకు చెవులు దిమ్మెక్కాయి. తేరుకునేసరికి ఆయన ఒక అగరుబత్తి వెలిగించి నా ముందు పట్టుకున్నాడు. పొగ వంగి శంఖంలోకీ చక్రంలోకీ పోయింది, కాసేపటికి నామంలోంచి మెల్లగా బయటికొచ్చింది.

“పీల్చుకుంటందండీ!” అన్నాడు ఆచారి, పురిటిబిడ్డను చూసినట్టు.

అప్పుడు నన్ను నేను అద్దంలో చూసుకునే వీలుంటే వాళ్ళను హెచ్చరించేదాన్ని. గాలి కోసం తెరిచిన ఈ మూడు దారులూ చూసే కళ్ళకు ఎలా కనబడతాయో ఆ ఇద్దరికీ తోచలేదు.

మంగళవారం సాయంత్రం నన్ను ఆ ఇంటికి తెచ్చారు. శేషారత్నం గారి భర్త వరదరాజులు గారు తలుపు తీశారు. రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. నన్ను చూడగానే చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించారు.

“హైమా! కంప్యూటరు తెస్తానని చెప్పి సాక్షాత్తూ స్వామిని తెచ్చావేమే!”

“అయ్యో, అవి గాలి కోసం పెట్టిన చిల్లులు పెదనాన్నా.”

“చిల్లులంటావేంటే, తప్పు తప్పు. లెంపలేసుకో.”

హైమకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. “సరే, దండం పెట్టుకోండి. కానీ లోపలికి నీళ్ళు మాత్రం పోకూడదు. అభిషేకం, తీర్థం, ఏమీ వద్దు.”

“చుక్క నీరు తగలనిస్తే నన్నడుగు” అని మాట ఇచ్చి, నన్ను గూట్లో పెట్టి వెలిగించగానే నా ముందు ఒక అగరుబత్తి గుచ్చారాయన.

ఆ మాటను ఆయన నిలబెట్టుకున్న తీరుకే నాకు కొంప మునిగింది. నీళ్ళు వద్దన్నారు కదా అని మర్నాడు తెల్లవారగానే గంధం చిక్కగా, ముద్దలా అరగదీశారు. ఆ ముద్దను నామం మీద, శంఖం మీద, చక్రం మీద వేలితో జాగ్రత్తగా అద్దారు. మీద కుంకుమ. ఆపైన నా ముఖమంతా కప్పుతూ బంతిపూల దండ. ఇంకెవరైనా అలా చేసి ఉంటే పగ అనుకునేదాన్ని. ఆయన చేస్తూ చేస్తూ కళ్ళు మూసుకుని, “రత్నం గొంతు నాలుగు రోజులు నిలబెట్టు స్వామీ, ఆ పైన నీ ఇష్టం” అని వేడుకుంటున్నారు. భక్తితో కూడా మనిషి ఊపిరి మూసేయగలడని నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

హైమ వచ్చి దండ చూసి, “పూజ చేసుకున్నారు, పోనీలే” అనుకుని నాకు వీపు పెట్టి కూర్చుంది. తలుపు మూశారు. సీలింగు ఫ్యాను ఆపారు. రోహిణీ కార్తె ఎండలు. శేషారత్నం గారు పీట మీద కూర్చుని చిరతలు చేతికి తగిలించుకున్నారు. సన్నటి మనిషి. మాట్లాడితే గొంతు ఇసుక రాసినట్టు గరగరలాడుతుంది. ఈవిడా కథ చెప్పేది అనుకున్నాను. కథ ఎత్తుకోగానే నా రేకులన్నీ ఒక్కసారి అదిరాయి. ఆ గరగరలోంచే శబరి పుట్టుకొచ్చింది. ముసలి శబరి, అడవి దారి ఊడ్చుకుంటూ, ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని రాముడి కోసం కాచుకునే శబరి. డాక్టరు రోజుకు గంట మించి పాడవద్దన్నాడు. బుధవారం మొదటి భాగం అయింది. గురువారం రెండోది.

గురువారం పని ముగిశాక హైమ నా నెత్తిమీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

“పెట్టె కాలిపోతోంది పెదనాన్నా. ఎండలకి కాబోలు.”

“వేడి చేసిందంటావా?” అన్నారు వరదరాజులు గారు. ఆ మాటకు ఆయన ముఖం చిన్నబోయింది. హైమ వెళ్ళాక చాలాసేపు నా ఎదురుగా నిలబడ్డారు. వేడి చేసినవాళ్ళకు ఈ ఇళ్ళల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. మజ్జిగ పడతారు, సబ్జా నానబెడతారు. నాకు ద్రవమేదీ పనికిరాదు. మిగిలిన చలవ ఒక్కటే. గంధం.

శుక్రవారం పొద్దున్న ఆయన గంటసేపు సానరాయి ముందు కూర్చున్నారు. బెల్లపుముద్దంత గంధం తీశారు. రెండు రోజుల పాత గంధం మీద కొత్తది పొరలు పొరలుగా పట్టించారు. నా జాలీలో ఒక్క కన్ను కూడా మిగల్లేదు. చల్లబరచడానికి నన్ను సజీవంగా పూడ్చారని అనిపించింది. నాకు అరవాలని ఉంది. అరిచే నోరు కూడా ఆ నామమే, దాన్నే మూసేశారు.

శేషారత్నం గారు మూడో భాగం ఎత్తుకున్నారు. శబరి పళ్ళు కోస్తోంది. ఒక్కోటీ కొరికి రుచి చూస్తోంది. పుల్లనిది పక్కన పెడుతోంది, తియ్యనిది రాముడి కోసం దాస్తోంది. అది ఎంగిలి అవుతుందని పాపం ఆమెకు తట్టనే లేదు. లోపల నా ఫ్యాను తిరుగుతోంది గానీ తిప్పడానికి గాలి లేదు. ఉన్న వేడే మళ్ళీ మళ్ళీ నాలోనే తిరిగింది. నలభై నిమిషాలు ఓర్చుకున్నాను. ఆమె రాముడి పాదాల చప్పుడు వినిపించేచోటికి వచ్చారు. అక్కడ నేను ఆగిపోయాను.

మళ్ళీ వెలిగేసరికి హైమ ముఖంలో రంగు లేదు. ఆ రోజు పాడినదంతా చెడిపోయింది, ఫైలు తెరుచుకోవడం లేదు. “పెద్దమ్మా…” అని ఆపేసింది. శేషారత్నం గారు చిరతలు ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకున్నారు. ఇక మిగిలింది శని, ఆదివారాలు. ఒకే రోజు రెండు భాగాలు పాడే శక్తి ఆ గొంతులో లేదు. ఉన్న రెండు రోజులకు ఉన్న రెండు భాగాలు. మళ్ళీ ఆగిపోతే కథ అక్కడితో సరి. స్వరపేటిక స్థానంలో పుట్టిన నేను ఆమె స్వరాన్నే మింగేశాను.

శనివారం. వెంకటేశ్వరస్వామి వారం. వరదరాజులు గారు ఇంకా పెద్ద గంధం ముద్ద పట్టుకొచ్చారు. ముందు అగరుబత్తి వెలిగించి నా ముందు గుచ్చారు. శేషారత్నం గారు పీట మీద కూర్చుని ఊరకే చూస్తున్నారు.

“ఏవండీ” అన్నారు గరగరమంటూ. “మొన్న మంగళవారం పొగ స్వామి లోపలికి వెళ్ళింది. ఇవాళ తిన్నగా పైకి పోతోందేవిటి?”

హైమ చివ్వున వెనక్కి తిరిగింది. దండ లాగేసింది. నా ముఖం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పూడుకుపోయిన మూడు దారులూ, వాటి మీద చక్కగా తీర్చిన కుంకుమబొట్లూ.

“పెదనాన్నా, ఇది పీల్చుకునేది ఇక్కడి నుంచేగా!”

వరదరాజులు గారు గంధం గిన్నె కింద పెట్టేశారు. ఆయన హైమను చూశారు, నన్ను చూశారు, చివరికి భార్యను చూశారు.

“అంటే… నీ గొంతు నేనే నొక్కేశానా రత్నం?”

శేషారత్నం గారు లేచివెళ్ళి, పళ్ళు తోముకునే కొత్త బ్రష్షు ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని పట్టుకుని నామం ముందు నిలబడ్డారు గానీ చెయ్యి రాలేదు. తానే పెట్టిన గంధాన్ని దేవుడి ముఖం మీద నుంచి గీకడం ఎలా?

“తియ్యండి. స్వామి ఊపిరి పీల్చుకుంటారు” అన్నారామె. “అయినా స్వామికి ఇన్ని ఉపచారాలుంటే మీకు గంధం ఒక్కటే కనబడిందా? చామరం లేదూ?”

ఆయన గబగబా గీకడం మొదలుపెట్టారు. గంధం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మొదటి గాలి శంఖంలోంచి నాలోకి వచ్చినప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. జాలీ కళ్ళన్నీ తెరుచుకున్నాక ఆయన లోపలికి వెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చారు. అంచుకు గుడ్డ కుట్టినది. చప్పుడు చేయదు. నా పక్కన నేల మీద కూర్చుని, గుడిలో అర్చకుడు వింజామర వీచినట్టు మెల్లగా విసరసాగారు.

ఆ రోజు మూడో భాగం మళ్ళీ పాడారు. రాముడు ఎంగిలిపళ్ళు తిన్నాడు. వద్దనలేదు, ముఖం చిట్లించలేదు. విసురుతున్న వరదరాజులు గారి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి గానీ చెయ్యి మాత్రం ఆగలేదు. పెట్టింది ఎంగిలని తెలియనివాళ్ళ చేతి నుంచి కూడా దేవుడు తీసుకుంటాడు. మరి ఊపిరి మూసే గంధాన్ని కూడా తీసుకునే ఉంటాడా? నాకు తెలియదు. నేను మాత్రం తీసుకోలేకపోయాను. నేను రేకును.

ఆదివారం నాలుగో భాగం చివరికొచ్చింది. ఇక మంగళం. మంగళం పాడకుండా హరికథ ముగించకూడదు. శేషారత్నం గారు చిరతలు ఎత్తారు, నోరు తెరిచారు. ఊపిరి వచ్చింది. స్వరం రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. రాలేదు. ఎరుపెక్కిన కళ్ళతో ఆమె హైమ వైపు చూశారు. హైమ మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది, ఆపలేదు.

అప్పుడు నా పక్క నుంచి ఒక గొంతు లేచింది. బొంగురుగా, శ్రుతి లేకుండా, పార్సిళ్ళ లెక్క పిలిచే గొంతు. వరదరాజులు గారు మంగళం పాడుతున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఆమె కథల్లో ముందు వరసలో కూర్చుని, వేడినీళ్ళ ఫ్లాస్కు అందించడం తప్ప ఏనాడూ నోరు విప్పని మనిషి. పదాలు ఒక్కటి కూడా తప్పలేదు. రాగమే ఎటో పోయింది. శేషారత్నం గారు మొదట అదిరిపడి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని ఆయనకు చిరతలతో తాళం వేశారు. నేను మొత్తం దాచుకున్నాను. ఆయన చేతిలో విసనకర్ర ఆగలేదు. నేను కూడా ఆగలేదు.

మర్నాడు ఆమెను తీసుకెళ్ళారు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చారు. ఆమెను చూసి నేను కొయ్యబారిపోయాను. మెడ కింద, రెండు ఎముకల మధ్య గుంటలో ఒక చిల్లు. ఆమె ఇప్పుడు ఊపిరి పీల్చేది ముక్కుతో కాదు, ఆ చిల్లుతో. దాని మీద దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ. నా జాలీ లాంటిదే. ఆచారి చూడటానికి వచ్చి, మొదట ఆమె మెడ వైపు, ఆ తర్వాత నా ముఖం వైపు చూసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

సాయంత్రాలు నేను శబరి కథ వినిపిస్తాను. నేర్చుకోవడానికి ఇద్దరు ఆడపిల్లలు వస్తారు. శేషారత్నం గారు చిరతలతో వాళ్ళ తప్పులు దిద్దుతారు. మంగళం వచ్చేచోట మాత్రం ఆమె చిరతలు కింద పెట్టి, మొగుడి శ్రుతి భరించలేనట్టు చెవులు మూసుకుంటారు. “నవ్వుకో, నవ్వుకో” అంటారు వరదరాజులు గారు. “గిన్నిసు బుక్కులోకి పంపిస్తాను దాన్ని.”

శ్రావణ శుక్రవారం వచ్చింది. పేరంటాళ్ళు వచ్చి దేవుడి గదిలో దండం పెట్టుకుని కూర్చున్నారు. పసుపు, కుంకుమ, తాంబూలం. పక్కింటి కొండమ్మ గారు పెద్ద ముత్తైదువ. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పేరంటంలో గంధం పెట్టే పని ఎప్పుడూ ఆవిడదే. గంధపు గిన్నె పట్టుకుని వరసగా ఒక్కొక్కరి మెడ తడిమి, గొంతు మీద నిండుగా పూస్తూ వస్తున్నారు. ఆనవాయితీ. ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. శేషారత్నం గారి దగ్గరకొచ్చారు. పైట అంచు తొలగించారు. పల్చటి గుడ్డ మీద వేళ్ళు పెట్టబోయారు.

శేషారత్నం గారు చెయ్యి అడ్డం పెట్టేలోపే వాకిట్లోంచి కేక వినబడింది.

“గంధం వద్దు!”

పేరంటంలోకి మగవాళ్ళు రారు. అయినా వరదరాజులు గారు చేతిలోని నీళ్ళ చెంబు కింద పడేసి గడప దాటి వచ్చేశారు. రొప్పుతున్నారు.

“ఏమిటండీ ఆ అరుపు! ముత్తైదువకి గంధం వద్దనకూడదు, తెలియదూ మీకు?” అన్నారు కొండమ్మ గారు.

“అక్కడ వద్దమ్మా. అది గాలి దారి. చేతులకి పెట్టండి. ఎంత కావాలంటే అంత పెట్టండి. గొంతు దగ్గర మాత్రం గాలి ఆడనివ్వండి.”

కొండమ్మ గారు తడుముకుంటూ శేషారత్నం గారి రెండు ముంజేతులకూ గంధం పూశారు. వరదరాజులు గారు అటూ ఇటూ చూసి, గూటి పక్కన కొక్కేనికి తగిలించిన విసనకర్ర తీశారు. ఏ ఒక్కరి వైపూ చూడకుండా భార్య పక్కన నిలబడి విసరడం మొదలుపెట్టారు. ఇంత మందిలో మొగుడు విసురుతుంటే ఆమెకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వు చప్పుడు లేదు. మెడ మీది పల్చటి గుడ్డ మాత్రం రెండుసార్లు ఎగిరి పడింది.

గూట్లోంచి అది చూశాను. మనుషుల మీద నాకు ఇంకా భయం పోలేదు. రేపు ఏ ప్రేమతో ఏం మూస్తారో తెలియదు. కానీ ఆ రోజు నుంచి వరదరాజులు గారు పూజ చేసేటప్పుడు ముందు అగరుబత్తి వెలిగిస్తారు. పొగ శంఖంలోకి వంగిందా, నామంలోంచి వచ్చిందా అని చూస్తారు. వచ్చాకే దండం పెడతారు.